మెడ వెనక అంకె

పాలు తాగే బిడ్డలున్న తల్లుల సౌకర్యార్థం ఆ రెడీమేడ్ దుస్తుల కర్మాగారంలో సోమవారం పొద్దున్నే గోడ మీద ఒక ప్రకటన అతికించారు. దాని సారాంశం ఇది. ఏడాది లోపు బిడ్డ ఉన్న ప్రతి తల్లీ మధ్యాహ్నం అరగంట సేపు ఇంటికి వెళ్ళి పాలిచ్చి రావచ్చు. బిడ్డ వయసును ఆఫీసువారే నిర్ధారిస్తారు. అందుకు పుట్టినతేదీ కాగితం చెల్లదు, కాగితాలు ఎవరైనా రాయించుకోవచ్చు కనుక. బిడ్డ తొడుక్కున్న బట్టకి మెడ వెనక కుట్టిన అంకె ఒక్కటే ప్రమాణం. అది మన కర్మాగారంలో, మన కళ్ళముందు తయారవుతుంది కనుక దాన్ని పూర్తిగా నమ్మవచ్చు.

ఈ ప్రకటన చదివి ఎవరూ నవ్వలేదు. నవ్వినవాళ్ళను రాసుకోవడానికి హాజరు గుమస్తా పెన్ను మూత తీసి పక్కనే నిలబడి ఉన్నాడు.

లేబుళ్ళు కుట్టే బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. అందరూ ఆమెను లేబులమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది, అక్కణ్ణించి బయటికి రాదు. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా బడి మానిపించారు. బడి పోయినా అచ్చులో ఉన్న దేన్నయినా నమ్మే గుణం మాత్రం పోలేదు. ఏడు నెలల కింద ఆడపిల్ల పుట్టింది. పిల్లతోపాటు భయం కూడా పుట్టింది. రెండిట్లో భయమే బాగా ఎదుగుతోంది. పిల్ల తుమ్మితే భయం, రోజంతా తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని భయం. కాస్త ఎక్కువసేపు నిద్రపోయిందంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, ఆ వేలికి పిల్ల లేచి ఏడిస్తే అప్పుడు ప్రాణం కుదుటపడుతుంది.

ఇంటికీ కర్మాగారానికీ నడక పది నిమిషాలు. పోవడానికి పది, పాలివ్వడానికి పది, రావడానికి పది. ప్రకటనలో ఉన్న అరగంట ఆమెకు కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. మోకాళ్ళ నొప్పుల అత్తగారు పిల్లను ఎత్తుకుని రోజూ అంతదూరం రాలేదు. పోనీ సీసాపాలు పడదామంటే, సీసా కనబడగానే ఆ పిల్ల పళ్ళులేని నోరు పెట్టె మూత వేసినట్టు మూసేస్తుంది.

ఇక్కడ బల్ల సంగతి చెప్పాలి. ఆమె బల్ల మీద రెండు పెట్టెలుంటాయి. తెల్ల పెట్టెలో బ్రిటిష్ కంపెనీ లేబుళ్ళు, నీలం పెట్టెలో అమెరికన్ కంపెనీ లేబుళ్ళు. ఆడవాళ్ళ గౌన్లు కుప్పగా వస్తాయి. ఒకే తాను, ఒకే కత్తెర, ఒకే కుట్టు. అదే గౌను తెల్ల పెట్టె పక్కకి జరిగితే పన్నెండో నంబరు, నీలం పెట్టె పక్కకి జరిగితే ఎనిమిదో నంబరు. చేరిన కొత్తలో పక్క మిషన్ మీద కాజాలు కుట్టే అక్కను అడిగింది.

"అక్కా, గౌను ఒకటే కదా. రెండు అంకెలెందుకు?"

"సముద్రం దాటితే నాలుగు తగ్గుతుందే" అంది కాజాల అక్క, దారం పళ్ళతో తెంపుతూ. "నువ్వూ నేనూ అన్నం మానేసి చచ్చినా తగ్గనిది, వాళ్ళకి ఓడ ఎక్కితే తగ్గుతుంది. రాసిపెట్టి ఉండాలి."

రాసిపెట్టేది తన చేతులే అన్న సంగతి అప్పట్లో లేబులమ్మకు తట్టలేదు.

ప్రకటన వచ్చిన మర్నాడు పిల్లను చంకనేసుకుని ఆఫీసు గదికి వెళ్ళింది. పిల్ల బొద్దుగా, చేతులకి కట్లు కట్టినట్టు మడతలతో ఉంటుంది. కుట్టు వంకరపోయిందని పక్కన పడేసిన పసిపిల్లల గౌను ఒకటి తెచ్చి వేసింది. గుమస్తా కళ్ళజోడు సర్దుకుని పిల్ల మెడ వెనక వేలు పెట్టి చూశాడు.

"పద్దెనిమిది నెలలు. అంటే ఏడాదిన్నర. వెళ్ళమ్మా, నీకు లేదు."

"ఏడు నెలలే సార్. బొద్దుగా ఉందని పెద్దది వేశాను."

"బొద్దు అని రాయడానికి ఇందులో గడి లేదు. అంకెకే ఉంది."

"ఇంకా పళ్ళు కూడా రాలేదు సార్, చూడండి."

గుమస్తా చూశాడు. పిల్ల చిగుళ్ళన్నీ చూపించి నవ్వింది.

"పళ్ళు లేకపోతే ఏం, లేబుల్ ఉందిగా" అన్నాడు.

"నా పురిటి సెలవు రాసింది మీరే కదా సార్, ఏడు నెలల కింద?"

"రాశాను. కాదనను. అది సెలవుల పుస్తకం, ఇది వయసుల పుస్తకం. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం రాసిన పాపాన పోలేదు నేను."

ఇంటికొచ్చి చెబితే అత్తగారు ముక్కున వేలేసుకుంది. తరవాత పిల్ల వైపు తిరిగింది. "ఏడాదిన్నరదానివటే? మరి కూర్చున్నావేం, లేచి మీ నానమ్మకి మంచినీళ్ళు పట్టుకురా."

"నవ్వకండి అత్తయ్యా."

"నవ్వక ఏడవమంటావా? ఆ పని చూసుకోవడానికి ఇది ఉందిగా."

పిల్ల ఆ పని శ్రద్ధగానే చూసుకుంది. మధ్యాహ్నమంతా ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అక్కడ కర్మాగారంలో పన్నెండు గంట కొట్టేసరికి లేబులమ్మ జాకెట్టు తడిసిపోయేది. ఎగుమతికి పోయే బట్ట మీద చుక్క పడితే ఊరుకోరు కనుక, ముందుకు వంగకుండా చేతులు చాపి కుట్టేది. కాజాల అక్క రెండు రోజులు చూసింది. మూడోరోజు తన మిషన్ ఆపింది.

"పిచ్చిమొహమా, సూది ఎవరి చేతిలో ఉంది? ఆ పద్దెనిమిది ఊడదీసి ఇంకోటి కుట్టుకో."

"అమ్మో, అబద్ధం కదక్కా!"

"పొద్దున్నుంచి రెండువందలు కుట్టావు. అందులో నిజం ఏది, తెల్లదా నీలందా?"

ఆ సాయంత్రం లేబులమ్మ పద్దెనిమిది ఊడదీసింది. మర్నాడు పిల్ల అదే గౌనుతో, మెడ వెనక ఆరు అంకెతో ఆఫీసు గదిలోకి వచ్చింది. గుమస్తా చూశాడు, రాశాడు, ముద్ర వేశాడు. "ఆరు నెలలు. మంజూరు" అన్నాడు. నాలుగు రోజుల కింద ఏడాదిన్నర ఉన్న బిడ్డ ఆరు నెలలకు రావడం చూసి, పెంపకం బాగుందని తల్లిని మెచ్చుకున్నాడు కూడా.

తరవాతి వారమంతా పోవడానికి పది, పాలివ్వడానికి పది, రావడానికి పది. పిల్ల ఏడుపు మానింది. గట్టిగా పాలు తాగి, తల్లి మెడ మీద తల పెట్టి తేన్చేది. ఆ తేన్పు వింటే లేబులమ్మకి సాయంత్రం దాకా భయం వేసేది కాదు.

మంచి పద్ధతి ఒక్కచోట ఆగదు. వచ్చే నెలకి అరవై నిండి ఇంటికి పోవలసిన గేటు తాత ఆఫీసు గదికి వచ్చి చొక్కా కాలరు తిప్పి చూపించాడు. అక్కడ నలభైరెండు అని ఉంది. ప్రకటన బిడ్డల గురించి కదా అన్నాడు గుమస్తా. "నేనూ ఒక తల్లి బిడ్డనే కదా బాబూ" అన్నాడు తాత. గుమస్తా ప్రకటన మూడుసార్లు చదివాడు, తాత మాటలో తప్పు దొరకలేదు. తాతకి ఇంకా పద్దెనిమిదేళ్ళ నౌకరీ ఉన్నట్టు రాసుకున్నాడు. ఇస్త్రీ చేసే పాతికేళ్ళ సన్నపాటి మనిషి చొక్కా ముప్ఫైయారు. అతను ఒక్క పూటలో పదకొండేళ్ళు పెద్దవాడై, అంతవరకు తను అన్నా అని పిలిచినవాళ్ళచేతే అన్నా అనిపించుకున్నాడు. గుమస్తాకి యాభైనాలుగేళ్ళు, చొక్కా నలభైయారు. లేబుల్ మాట పోకూడదని జుట్టుకి నల్లరంగు వేయడం మొదలుపెట్టాడు.

తల్లులు సరేసరి. పిల్లల వయసులు వరద తీసినట్టు తగ్గిపోయాయి. బడికి పోయేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు, అద్దం ముందునుంచి కదలనివాళ్ళు, అందరూ మెడ వెనక తొమ్మిదో ఆరో కుట్టించుకుని ఆఫీసు గదిలో వరుసగా నిలబడ్డారు. కాజాల అక్క కొడుక్కి నూనూగు మీసం. గుమస్తా తలెత్తి, వాడి మెడ అందక స్టూలెక్కి, లేబుల్ చూసి దిగాడు. "తొమ్మిది నెలలు. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడు" అని రాశాడు.

ఒకరోజు యజమాని భార్య స్వయంగా లేబుళ్ళ బల్ల దగ్గరికి వచ్చింది. అంత పెద్దావిడ అక్కడికి రావడం చూసి లేబులమ్మ కుర్చీ తుడిచింది. ఆవిడ కూర్చోలేదు. చేతిసంచిలోంచి గౌను తీసి మెల్లగా అడిగింది.

"ఇది తెల్ల పెట్టెది. పదహారు. నువ్వేదో సముద్రం దాటిస్తావటగా?"

దాటించింది. పదహారు పన్నెండయింది. వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చింది, ఎనిమిది కావాలంది. తరవాత నాలుగు. నీలం పెట్టెలో అన్నిటికంటే అడుగున సున్నా ఉంటుందని ఎవరు చెప్పారోగాని, ఆఖరికి అదే అడిగింది. అప్పటికి గౌను పట్టడం లేదు. లేబులమ్మ పక్కకుట్లు రెండంగుళాలు వదులుచేసి మెడ వెనక సున్నా కుట్టి ఇచ్చింది. ఆ గౌనుతో ఆవిడ స్త్రీల సభకు వెళ్ళి ఆహార నియమాల మీద ముప్పావుగంట మాట్లాడింది. వచ్చినవాళ్ళు ఆవిడ నిగ్రహానికి చేతులెత్తి మొక్కి, ఎక్కడ కుట్టించారని చెవిలో అడిగారు.

ఇంతలో ఒక చిన్న చిక్కు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే కర్మాగారంలో సగం మిషన్లు ఆగిపోతున్నాయి. నలుగురు వెళ్ళాల్సిన చోట నలభైమంది వెళుతున్నారు. సరుకు వెనకబడింది. అరగంట తీసేస్తారని పుకారు పుట్టింది. లేబులమ్మ భయం మళ్ళీ ఎదగడం మొదలుపెట్టింది.

శనివారం మీటింగు పెట్టారు. కత్తిరింపు బల్లలు పక్కకు జరిపి అందర్నీ నిలబెట్టారు. యజమాని మైకు ముందుకు వచ్చాడు. పక్కనే కుర్చీలో ఆయన భార్య, సున్నా గౌనులో, ఊపిరి జాగ్రత్తగా పీలుస్తూ కూర్చుంది.

"అమ్మలారా! అరగంట తీసేస్తానని ఎవరో అన్నారట. నా కంఠంలో ప్రాణం ఉండగా తీయను. తల్లిపాలు పవిత్రమైనవి! అయితే ఇన్నాళ్ళూ మనం వాడింది బ్రిటిష్ అరగంట. అందులో ముప్ఫై నిమిషాలుంటాయి. ఎంత మోటు, ఎంత లావు! సోమవారం నుంచి మీకు అమెరికన్ అరగంట ఇస్తున్నాను. అందులో ఇరవై. కంగారుపడకండి! పన్నెండో నంబరు ఎనిమిదైతే గౌను తగ్గిందా? తగ్గలేదు. మీ చేతులతో కుట్టినవాళ్ళు మీరు, మీకు నేను చెప్పాలా? అలాగే ముప్ఫై ఇరవై అయినా అరగంట అరగంటే. అంకె మాత్రం నాజూకవుతుంది!"

మొదటి చప్పట్లు ఆయన భార్యవి. తరవాత గుమస్తావి. తరవాత హాలంతా మోగిపోయింది.

ఆ మోత తగ్గాక వెనకవరసలోంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. ఎప్పుడూ నోరు విప్పని లేబులమ్మ ఎలా విప్పిందో ఆమెకే తెలియదు.

"సార్, పోవడానికి పది పడుతుంది. రావడానికి పది. మరి పిల్లకి పాలు ఎప్పుడివ్వను సార్?"

యజమాని కోప్పడలేదు. తండ్రిలా నవ్వాడు.

"చూడమ్మా, అరగంట అని లేబుల్ ఉంది. లోపల అరగంట లేదంటున్నావు. అంటే లేబుల్ అబద్ధం చెబుతుందనేనా నీ ఉద్దేశం?"

హాలు హాలంతా వెనక్కి తిరిగి ఆమెను చూసింది. నలభైరెండేళ్ళ గేటు తాత చూశాడు. నల్లజుట్టు గుమస్తా చూశాడు. ముప్ఫైయారేళ్ళ ఇస్త్రీమనిషి చూశాడు. సున్నా నంబరు యజమాని భార్య ఊపిరి బిగబట్టి చూసింది. కాజాల అక్క చెయ్యి పట్టుకుని లాగింది.

"నోరుమూసుకోవే తల్లీ, నీకు దండం పెడతాను. నా కొడుకు ఇంకా తొమ్మిది నెలలవాడు."

లేబులమ్మ అవునని అనలేకపోయింది. ఆమె పిల్ల మెడ వెనక ఆరు ఉంది, కుట్టింది తనే. "లేదు సార్" అని తల దించుకుంది. ఆ జవాబుకి కూడా చప్పట్లు కొట్టారు.

సోమవారం నుంచి అమెరికన్ అరగంట అమల్లోకి వచ్చింది. పన్నెండింటికి లేబులమ్మ గేటు దాటుతుంది. పది నిమిషాలకి గుమ్మం ముందుంటుంది. అత్తగారు పిల్లను ఎత్తి చూపిస్తుంది. తల్లి ఆ బుగ్గ ముట్టుకుని, తడిసిన జాకెట్టు మీద కొంగు లాక్కుని, వచ్చిన దారినే పరుగెత్తుతుంది. ఇంతవరకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని హాజరు పుస్తకంలో ఉంది.

పిల్ల మాత్రం వీధి చివరిదాకా వినబడేలా ఏడుస్తోంది. దానికి ఇంకా చదవడం రాదు గనక ఆకలి వేసినంతా వేస్తోంది. దిగులుపడనక్కర్లేదని, బళ్ళో వేసి నాలుగు అంకెలు నేర్పిస్తే అదే సర్దుకుంటుందని ఆఫీసువారి అభిప్రాయం. నిజమే మరి. మీరూ నేనూ అలా సర్దుకున్నవాళ్ళమే కదా.