అమ్మాజీ కంట్లో జలపాతం

గండిమైసమ్మ దగ్గర కొత్తగా లేచిన కాలనీలో ఆయన్ని అర్థాల రాజారావు అనేవారు. అంతకుముందు వాస్తు రాజారావు. ఆ రోజుల్లో ఇంటి గేటు పాపం ఎటువైపు ఉండాలో తెలియక రెండుసార్లు దిక్కు మార్చుకుంది. కొత్త పేరుకు కారణం, ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద కొనుక్కొచ్చిన అట్టలేని పుస్తకం. డాక్టర్లు వాడే మాటలన్నీ ఎక్కడ పుట్టాయో, అసలు అర్థాలేమిటో అందులో ఉన్నాయి.

ఈసారి మాత్రం అది పిచ్చి కాదు, అవసరం. భార్య అమ్మాజీకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయనీ, ముందు కుడికంటికి ఆపరేషన్ చెయ్యాలనీ శామీర్‌పేటలో డాక్టర్ ధరణి చెప్పింది. అమ్మాజీ బుద్ధిగా తలూపి ఇంటికొచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఆషాఢం పోనివ్వండి అంది. శ్రావణంలో నోములున్నాయి అంది. ఆ తరవాత మూఢం వచ్చిందంది. పంచాంగం ఆవిడ పక్షాన గట్టిగా నిలబడింది.

ఈలోగా ఉప్మాలో జీలకర్ర బదులు వాము పడింది. అది ఆయన నోరుమూసుకుని తిన్నాడు. కానీ ఒకరోజు అమ్మాజీ గండిమైసమ్మ చౌరస్తాలో షేర్ ఆటో దిగి, ఎదురుగా వస్తున్న లారీ కనబడక రోడ్డు మీదికి నడిచింది. పాలుపోసే అజ్మతున్నీసా కొంగు పట్టి వెనక్కి లాగబట్టి సరిపోయింది. ఆ పూట రాజారావు కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహకొచ్చి, పెరట్లోకి పోయి మొహం కడుక్కొచ్చాడు.

ఆ కడుక్కున్న మొహంతోనే పథకం వేశాడు. అమ్మాజీ భయపడుతున్నది కత్తికి కాదు, పేరుకి. నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఎవరినైనా భయపెడుతుంది. అర్థం విప్పి చెబితే భయం దానంతటదే పోతుంది.

"కాటరాక్ట్ అంటే ఏమిటో తెలుసా? జలపాతం. కళ్ళముందు నీళ్ళు జారుతున్నట్టు మసగ్గా ఉంటుందని పూర్వం వాళ్ళు ఆ పేరు పెట్టారు" అన్నాడు కాఫీ తాగుతూ.

"కాలనీకి వారానికోసారి ట్యాంకరొస్తోంది. నా కంట్లో జలపాతమా? ఒక కుళాయి పెట్టించండి, అంట్లు తోముకుంటాను" అని నవ్వింది అమ్మాజీ.

నవ్వింది కదా అని ఆయనకు హుషారొచ్చింది. రోజుకో ఎముక చొప్పున అందుకున్నాడు.

"పెల్విస్ అంటే బేసిను. పటెల్లా, అదే మోకాలిచిప్ప, చిన్న పళ్ళెం. తొడ ఎముక కూచునే గుంట ఉంది చూశావూ, దాని పేరుకి పులుపు పోసుకునే గిన్నె అని అర్థం. మనిషి ఒళ్ళంతా నీ వంటిల్లే అమ్మాజీ. నీ వంటింటికి నువ్వే భయపడితే ఎలా?"

"అయితే ఆ పేర్లు పెట్టింది మగాళ్ళే. అన్నం ఎప్పుడు పెడతారా అని వంటింటి గుమ్మంలో కూచుని, కనబడిన గిన్నెలన్నీ రాసుకుపోయారు. తోమేవాళ్ళను అడిగితే నొప్పులకు పేర్లు చెప్పేవాళ్ళు."

అజ్మతున్నీసా పాలక్యానుతో గుమ్మంలో నిలబడి వింటోంది. అమ్మాజీ అన్నది ఇంటావిడ పేరని ఆమెకు చాలాకాలం తెలియదు. సారు పెళ్ళాన్ని అంత మర్యాదగా పిలుస్తున్నాడనుకుని, ఇంట్లో ఆటో నడిపే మొగుడు ఫరీద్‌ని నిలదీసి, తనను కూడా జీ అనాలని పట్టుబట్టింది. ఫరీద్ నెలరోజులు అన్నాడు కూడా.

"సార్, గా ప్లేటు సంగతి మంచిగనే ఉంది. నా మోకాలు మస్తు నొస్తాంది. అర్థం దెలిస్తె నొప్పి తక్కువయితదా?" అని అడిగింది.

"నొప్పి కాదు, భయం తగ్గుతుంది."

"భయం నాకెక్కడిది సార్? నిరుడు గా డాక్టరమ్మనే నా రెండు కండ్లు జేసింది. పోయిన, పండుకున్న, అయిపోయింది."

అమ్మాజీ ఆమె కళ్ళవైపు చాలాసేపు చూసింది. రాజారావు ఆ చూపును లెక్కచెయ్యలేదు. తన పాఠం పనిచేస్తోందనుకున్నాడు.

ఆపరేషన్‌కు ముందు షుగర్ చూడాలని రక్తం తియ్యడానికి ల్యాబు మల్లేశం ఇంటికొచ్చాడు. పథకంలో రెండో అంకానికి ఇదే అదననుకున్నాడు రాజారావు.

"ముందు నాది తియ్యి మల్లేశం. మా ఆవిడ చూసి ధైర్యం తెచ్చుకుంటుంది" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"మీకెందుకండీ?" అంది అమ్మాజీ. ఆ గొంతులో కంగారు ఆయనకు వినిపించలేదు.

"చూడు. కండను మజిల్ అంటాం కదా, చిట్టెలుక అని అర్థం. జబ్బ బిగిస్తే చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టుంటుందని" అంటూ బిగించి చూపించాడు.

"సార్, ఎలుకను జర నిలవెట్టుండ్రి" అన్నాడు మల్లేశం, సూది పట్టుకుని.

సూది దిగింది. రాజారావు ఎర్రగా పైకొస్తున్న రక్తాన్ని ఒకసారి చూశాడు. తరవాత ఇంటికప్పును చూశాడు. ఆ పైన ఏమీ చూడలేదు. పడ్డవాడు ఊరికే పడకుండా, అప్పుడే పాలు పొయ్యడానికొచ్చిన అజ్మతున్నీసా క్యాను మీద పడ్డాడు. పాలు వరండా దాటి, వాస్తు ప్రకారం ఈశాన్యంగా పారాయి.

"యా అల్లా, సార్ పోయిండు" అంది అజ్మతున్నీసా.

"పోలేదు. ఎప్పుడూ ఇంతే. పన్ను పీకించుకోవడానికి నేను వెళ్తే ఆయన పడ్డారు" అంటూ అమ్మాజీ ఆయన తల ఒళ్ళోకి తీసుకుని నీళ్ళు చల్లింది.

రాజారావు పెదవులు కదిలాయి. "సింకపీ" అన్నాడు నీరసంగా.

"సార్ ఏదో మంత్రం సదువుతాండు" అన్నాడు మల్లేశం.

"స్పృహ తప్పడాన్ని సింకపీ అంటారు. తెగ్గొట్టడం అని అర్థం."

"మాటలు తెగ్గొట్టడమైతే ఎంత బాగుండేది" అంది అమ్మాజీ, ఆయన నుదురు తుడుస్తూ. అదే చోట కూచుని రెండో చెయ్యి మల్లేశానికి చాపి, అదురూ బెదురూ లేకుండా రక్తం ఇచ్చేసింది. ఆ హడావుడిలో ఆయన దాన్ని చూడనే లేదు.

రిపోర్టు బాగానే వచ్చింది. అయినా అమ్మాజీ ఆపరేషన్ మాటెత్తలేదు. ఓ ఉదయం పెందలాడే తయారై, "అజ్మతున్నీసాతో కలిసి శామీర్‌పేట వెళ్ళొస్తాను. జింకల పార్కు చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. అన్నం, పప్పు గిన్నెల్లో ఉన్నాయి" అంది.

లారీ కనబడని మనిషికి జింక ఎలా కనబడుతుందని ఆయనకు తోచలేదు. పుస్తకంలో చెవి లోపలి భాగాల పేర్ల దగ్గరున్నాడు. అక్కడ ఒక సుత్తి, ఒక కమ్మరి దాగలి, ఒక డప్పు కలిసి ఆయన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

సాయంత్రం ఫరీద్ ఆటో గేటు ముందు ఆగింది. అజ్మతున్నీసా చెయ్యి పట్టుకుని అమ్మాజీ దిగింది. కుడికంటికి తెల్లటి కట్టు. రాజారావు పుస్తకం ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు.

"అయిపోయిందండీ. కంగారుపడకండి, రక్తం కనబడదు" అంది అమ్మాజీ ముందుగానే.

ఆయన ఆవిడను కుర్చీలో కూచోబెట్టి, తానూ పక్కన నేల మీద కూలబడ్డాడు. "నాకు చెప్పలేదేం? నేను పరాయివాణ్ణా?" అన్నాడు.

"సార్ పడితె ఎవరు వట్టాలె అని ఒకటే పరేషాన్ అయితుండె అమ్మాజీ. గందుకే నన్ను దోల్కవోయింది. అక్కనని చెప్పి సంతకం గూడ వెట్టిన" అంది అజ్మతున్నీసా.

"మరి ఆషాఢం, మూఢం?"

"నాకూ భయమే. కానీ దానికంటే పెద్ద భయం మీరు" అంది అమ్మాజీ. "మీరు పడితే ఎప్పుడూ నేనే కదా పట్టుకునేది. కళ్ళకు గంత కట్టుకుని బల్లమీద పడుకున్నదాన్ని, ఎలా పట్టుకోను?"

రాజారావుకు ఏ మాటకూ అర్థం చెప్పాలనిపించలేదు.

"ఒకటి మాత్రం నిజం. బల్ల మీద గుండె దడదడలాడుతుంటే మీ బేసిన్లూ పళ్ళేలూ తలుచుకున్నాను. నవ్వొచ్చింది. కదలొద్దమ్మా అని డాక్టరమ్మ కోప్పడింది" అంది.

మర్నాడు కట్టు విప్పడానికి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళింది. ధరణి దూది తీసి, మందు చుక్కలు వేసి, నెమ్మదిగా కన్ను తెరవమంది. అమ్మాజీ గోడమీది క్యాలెండరు చూసింది. డాక్టరమ్మ మెళ్ళో సన్నటి గొలుసు చూసింది. తరవాత భర్త వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

"కనబడుతున్నానా?" అన్నాడు.

"కనబడుతున్నారు" అంది. చెయ్యి చాపి ఆయన చెవి పక్క జుట్టు తడిమింది. "తలంతా ఇంత తెల్లబడిందేమిటండీ. నాతో ఒక్కసారైనా అనలేదు."

"నువ్వేమీ అనకపోతే నల్లగానే ఉందనుకున్నాను" అన్నాడు రాజారావు.