టేపుగారి ఒక రోజు సెలవు

పురపాలక కార్యాలయం కొలతల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా నిర్విరామంగా కూర్చుంటున్న సీనియర్ సహాయకులొకరు మొన్న బుధవారం సెలవు పెట్టి తమ వీధిలో నడిచారనీ, ఆ కారణంగా వీధి నాలుగడుగుల మేర వెడల్పైందనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ అభివృద్ధి మర్నాడు ఉదయం దాకా నిలిచింది. అభివృద్ధి విషయంలో అదేమీ తక్కువ కాలం కాదు.

వీధిలో ఆయన్ని టేపుగారంటారు. నడుముకు తోలు సంచీలో ఎప్పుడూ ఒక కొలత టేపు వేలాడుతుంది గనక ఆ పేరు. ఇన్నేళ్లలో అది సంచీలోంచి బయటికి రాలేదు. కొలతల విభాగంలో కొలవడం ఆఖరి దశ. అంతకుముందు అర్జీ అందడం, అందినట్టు రాయడం, రాసినదాన్ని కట్టలో పెట్టడం, కట్టకు తాడు బిగించడం అనే దశలున్నాయి. తాడు దాటిన అర్జీని ఇంతవరకు చూసినవాళ్లు లేరు.

అదే వీధి చివర కాపురముండే రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారు తొమ్మిది అర్జీలు పెట్టారు. కాలిబాట మీదికి మెట్లు, అరుగులు, షెడ్లు వచ్చి కూర్చున్నాయనీ, చేతికర్ర ఊతంతో నడిచే తాను లారీల పక్కన నడవాల్సి వస్తోందనీ ఆవిడ ఫిర్యాదు. తొమ్మిదింటికీ టేపుగారు స్వహస్తాలతో "క్షేత్ర పరిశీలన జరిపి తగు చర్య తీసుకొనబడును" అని జవాబిచ్చారు. దస్తూరి బాగుందని ఆవిడ మెచ్చుకున్నారు కూడా. రిటైరైనా మార్కులు వేసే అలవాటు పోలేదు.

టేపుగారికి పదేళ్ల కూతురుంది. ఆ పిల్లకు ఈ మధ్య జియోకాషింగ్ అనే ఆట పట్టుకుంది. ఎవరో ఒక చిన్న పెట్టెను ఎక్కడో దాచి, దాని ఆనవాళ్లు ఫోన్లో పెడతారు. తక్కినవాళ్లు ఫోను చూపించే బాణం గుర్తు పట్టుకుని వెతుకుతారు. దొరికితే పెట్టెలో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. బహుమతి ఏమీ ఉండదు. వాళ్ల వీధిలోనే కొత్తగా ఒక పెట్టె వెలిసిందనీ, ఇంకా ఎవరికీ దొరకలేదనీ, పుస్తకంలో మొదటి పేరు తనదే కావాలనీ ఆ పిల్ల వారం రోజులు అన్నం దగ్గర సత్యాగ్రహం చేసింది.

టేపుగారికి కూతురంటే ప్రాణం. ఒక రోజు సెలవు కోరుతూ, కారణం అనే గడిలో "కూతురితో ఆడుకొనుటకు" అని రాశారు. అలాంటి కారణం నిబంధనల్లో లేదని తిరిగొచ్చింది. "కళ్లు తిరుగుట" అని మారిస్తే పది నిమిషాల్లో మంజూరైంది.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి తండ్రీకూతుళ్లు టోపీలు పెట్టుకుని బయల్దేరారు. గుమ్మం దిగుతూ పిల్ల ఆట నియమాలు పైకి చదివింది. "పెట్టె ప్రజల స్థలంలోనే ఉంటుంది. ఎవరి సొంత స్థలంలోనూ దాచకూడదు."

"చాలా మంచి నియమం," అన్నారు టేపుగారు. "పద్ధతంటే అలా ఉండాలి."

ఈ పెట్టెకు ఒక తిరకాసు ఉంది. అది ఉన్న చోటు చెప్పే ఆనవాలు సంఖ్యలో మూడు అంకెలు ఖాళీగా వదిలేశారు. మందుల షాపు ముందు, కుట్టు షాపు ముందు, వీధి సంక్షేమ సంఘం అధ్యక్షుల ఇంటి ముందు, రోడ్డు అంచు నుంచి ఏదో ఒకటి అడ్డు తగిలేదాకా కాలిబాట ఎన్ని అడుగులుందో కొలిచి, ఆ అంకెలు వేసుకోవాలి.

మందుల షాపు ముందు టేపుగారు సంచీ తెరిచారు. పద్దెనిమిదేళ్ల తర్వాత వెలుతురు చూసిన టేపు కిర్రుమంది. ఒక అడుగు. లోపల మాత్రలు లెక్కపెడుతున్న షాపాయన చేతిలోంచి అవి నేలపాలయ్యాయి.

"ఏంటి సార్, మీరే స్వయంగా..."

"ఏం లేదండీ, అమ్మాయితో ఆడుకుంటున్నాను," అన్నారు టేపుగారు నవ్వుతూ.

అధికారి నవ్వుతూ చెప్పిన మాట ఎంత ప్రమాదమో షాపాయనకు తెలుసు. వాళ్లు అటు తిరగగానే కుట్టు షాపుకు ఫోను చేశాడు. "రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రహస్య సర్వే. అనుమానం రాకుండా కూతుర్ని కూడా వెంటేసుకొచ్చాడు."

కుట్టు షాపు అక్కడికి నలభై అడుగుల దూరం. తండ్రీకూతుళ్లు ఆ నలభై అడుగులూ నడిచేలోగా కుట్టు షాపావిడ కాలిబాట మీది బల్లను, రెండు మిషన్లను, పైనున్న రేకును లోపలికి చేరవేసి, ఆ చోటు ఊడ్చి నీళ్లు కూడా చల్లింది. రెండు నెలలుగా చొక్కా ఇవ్వడానికి చెయ్యి తీరిక లేదంటున్న మనిషి ఆవిడే. టేపు పరిచి చూస్తే ఐదడుగులు.

"ఆంటీ, నిన్న ఇక్కడ బల్ల ఉండేది కదా?" అంది పిల్ల.

"బల్లా? ఏ బల్ల తల్లీ? నేనెప్పుడూ లోపలే కూర్చుని కుడతాను."

టేపుగారు బతిమాలారు. "అమ్మా, ఆ బల్ల ఒక్క ఐదు నిమిషాలు మళ్లీ ఇక్కడ వేయండి. కొలుచుకుని వెళ్లిపోతాం."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "పిల్లలు గలదాన్ని సార్. నన్ను ఇరికించకండి."

మూడో చోట సంక్షేమ సంఘం అధ్యక్షులు తమ కారు షెడ్డును అప్పటికే సగం విప్పించారు. బోర్లించిన బక్కెట్టు మీద నిలబడి ప్రసంగిస్తున్నారు. "సోదర సోదరీమణులారా, కాలిబాట ప్రజల సొత్తు. ఆ సొత్తు ఎండకు ఎండకూడదని, వానకు తడవకూడదని దాని మీద సొంత ఖర్చుతో షెడ్డు వేసి పన్నెండేళ్లు కాపాడాను. ఈ రోజు దాన్ని చెక్కుచెదరకుండా తిరిగి ప్రజలకు అప్పగిస్తున్నాను." జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు బక్కెట్టు దిగి, టేపుగారి చెవిలో, "నా పేరు ముందు రాసుకోండి, స్వచ్ఛందంగా అని," అన్నారు.

ఆ తర్వాత వీధికి పూనకం వచ్చింది. జాబితాలో లేనివాళ్లు కూడా జాబితాలోకి ఎక్కకముందే కూల్చుకున్నారు. ఎవరి అరుగు ముందు పోతుందోనని పోటీ. గోడ జరపడానికి కూలీలు దొరక్క అల్లుళ్లను పిలిపించారు. ఒకాయన ఉత్సాహం పట్టలేక, పురపాలక సంఘం వారి చెత్తడబ్బా కూడా ఆక్రమణేనని ఇంట్లోకి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి కాలిబాట బయటపడింది. ఒక ముసలాయన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నమ్మకం కుదరక వెనక్కి వచ్చి మళ్లీ నడిచాడు.

వీధంతా ఇలా బాగుపడుతుంటే చిన్నదాని ఆట పాడైంది. దొరికిన అంకెలు వేసి చూస్తే బాణం ఏడు కిలోమీటర్ల అవతల చెరువు నడిబొడ్డున పెట్టె ఉందని చూపించింది. పొద్దున కాలిబాట ఎంత ఉండేదని ఎవరినడిగినా "మొదట్నుంచీ ఐదడుగులేనండీ" అని ఒట్టు పెట్టారు. పిల్ల ముఖం చిన్నబోయింది.

"వేరే ఎవరైనా ముందే కనిపెట్టేస్తారు నాన్నా."

ఆ మాటకు టేపుగారు టేపు చుట్టి సంచీలో పెట్టారు. అప్పుడే గుర్తొచ్చింది, పాత కొలతలు హెడ్మిస్ట్రెస్ గారి అర్జీల్లో ఉండాలి. ఆటో ఎక్కి కార్యాలయానికి పరుగెత్తారు.

"ఆ కట్ట చూసే ఉద్యోగి ఈ రోజు సెలవులో ఉన్నారు," అన్నాడు అటెండరు తలెత్తకుండా. "రేపు రండి."

"ఆ ఉద్యోగిని నేనే."

"అయితే మీకు తెలుసుండాలి కదా, సెలవులో ఉన్నారని."

ఇందులో తప్పేమీ కనపడక టేపుగారు వెనుదిరిగారు. అటెండరుకు తర్ఫీదు ఇచ్చింది తామేనన్న గర్వం కూడా కొంత కలిగింది.

ఇక దారి లేక హెడ్మిస్ట్రెస్ గారి గేటు తట్టారు. ఆవిడ ముందుగదిలో, నకళ్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. మందుల షాపు ముందు ఒకటి, కుట్టు షాపు ముందు రెండు, అధ్యక్షుల ఇంటి ముందు సున్న.

"నా అర్జీ మీరు చదవడం ఇదే మొదటిసారి కదూ?" అన్నారావిడ. "సంతోషం. ఇక ఆలస్యం చేయకండి, అమ్మాయి ఎదురుచూస్తోంది."

అంకెలు వేయగానే బాణం వెనక్కి తిరిగింది. తండ్రీకూతుళ్లు దాని వెంట, వాళ్ల వెంట చేతులకు సున్నం అంటిన వీధంతా నడిచింది. కుట్టు షాపు దాటారు, మందుల షాపు దాటారు. బాణం ఒక ఇంటి ముందు ఆగిపోయింది. ప్రహరీ గోడ దాటి కాలిబాట మీదికి మూడు గ్రానైటు మెట్లు దిగుతున్న ఇల్లు. ఆ రోజు మొత్తం వీధిలో చెక్కుచెదరకుండా మిగిలిన కట్టడం అదొక్కటే. అది టేపుగారి ఇల్లు.

పిల్ల మోకాళ్ల మీద కూర్చుని చివరి మెట్టు కింద సందులోకి చూసింది. సబ్బుపెట్టెంత ఆకుపచ్చ పెట్టె అక్కడే ఉంది. చెయ్యి పెట్టబోయింది.

"ఆగమ్మా," అన్నారు టేపుగారు.

పొద్దున మెచ్చుకున్న నియమం ఆయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. పెట్టె ప్రజల స్థలంలోనే ఉంటుంది. పెట్టె ఇక్కడుందంటే ఈ స్థలం ప్రజలది. వీధంతా చూస్తోంది. ఒకవైపు కూతురి పేరు, మరోవైపు మూడు గ్రానైటు మెట్లు. ఆయన చాలాసేపు ఆలోచించారని చెప్పగలిగితే బాగుండేది.

"ఇక్కడేమీ లేదు," అన్నారు.

"ఉంది నాన్నా. కనపడుతోంది కదా."

"కనపడటం వేరు, దొరకడం వేరు తల్లీ. కనపడినవన్నీ దొరికినట్టు రాసుకుంటే ఆఫీసులు నడవవు. ఫోన్లో 'దొరకలేదు' అని నొక్కు."

పిల్ల తండ్రి వైపు చూసి నొక్కింది. వీధి మొత్తం ఊపిరి పీల్చుకుంది. కొలిచేవాడి మెట్లే కాలిబాట మీద లేనప్పుడు తమవి మాత్రం ఎలా ఉంటాయి? ఆ సాయంత్రమే సిమెంటు బస్తాలు దిగాయి. తెల్లారేసరికి అరుగులు, బల్లలు, షెడ్లు యథాస్థానాలకు చేరాయి. మళ్లీ సర్వే వస్తే వెనక్కి తగ్గడానికి వీలుగా ఎవరికివారు ముందుజాగ్రత్తగా అర అడుగు కలుపుకున్నారు. చెత్తడబ్బా మాత్రం ఇంకా బయటికి రాలేదు.

టేపుగారు మర్నాడు తొమ్మిది అర్జీలనూ ముగించారు. "క్షేత్ర పరిశీలన జరిగినది. ఆక్రమణలేవీ కానరాలేదు." సెలవు రోజున కూడా విధి నిర్వహించినందుకు కార్యాలయం ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చి, సెలవును రద్దు చేసి, కళ్లు తిరగలేదని రికార్డులో సరిచేసింది.

పెట్టె ఇప్పటికీ మెట్టు కిందే ఉంది. అధికారికంగా అది ఎవరికీ దొరకలేదు. అందులోని చిన్న పుస్తకం మాత్రం నిండుతోంది. అధ్యక్షులు, షాపాయన, కుట్టు షాపావిడ, అందరూ ఎవరూ లేనప్పుడు వచ్చి సంతకం పెట్టి పోతున్నారు. మొదటి పేరు ఒక పదేళ్ల పిల్లది, తేదీ గురువారానిది, బడికి వెళ్లే వేళ. ఎక్కడ దొరికింది అన్న గడిలో ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో, "నాన్న ఏమీ లేదన్న చోట" అని రాసింది. దస్తూరి తండ్రి పోలికే.

హెడ్మిస్ట్రెస్ గారు ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా కొన్నారని తెలిసింది. కనక పాఠకులు మా మాట నమ్మక్కర్లేదు, మా వీధి దాకా రానూ అక్కర్లేదు. మీ గుమ్మం దిగి, చివరి మెట్టు దగ్గర ఒకసారి వంగి చూడండి. వంగే ముందు మాత్రం, మీ పిల్లలు చూడటం లేదని నిర్ధారించుకోండి.