స్పృహ తప్పింది ఎవరికి?

రిటైరయ్యాక హరినాథ్ ఇంగ్లీషు వ్యాకరణం మీద పడ్డాడు. ఆ ఉదయం ఫోనులో పార్టిసిపుల్ పదబంధాల పాఠం సగం చూశాడు. 'ఇంగ్' ఉన్న ముక్కతో వాక్యం మొదలుపెడితే హుందాగా ఉంటుందని చెప్పే సగం అది. ఆ ముక్క కామా తర్వాత వచ్చే మనిషికే అంటుకుంటుందని, అక్కడ వేరేవాళ్ళు వస్తే అది వేలాడిపోతుందని చెప్పే మిగతా సగం టిఫిను తిన్నాక చూద్దామనుకున్నాడు.

స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో ఆయన క్వార్టరు మెట్ల కింద, పై అంతస్తు నరసింగరావు పిల్లి కదలకుండా పడి ఉంది. నరసింగరావు సుపేలా బజారుకు వెళ్ళాడు. ఒక ఫోను చేస్తే సరిపోయేది. కొత్త విద్య ఊరుకోనిస్తుందా? కాలనీ గ్రూపులో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే ఇదీ: "మెట్ల కింద స్పృహ తప్పి పడి ఉండి, నేను నరసింగరావుగారి పిల్లిని చూశాను."

గ్రూపంతా కామా దగ్గరే ఆగిపోయింది. స్పృహ తప్పినవాడు మెసేజ్ ఎలా పెట్టాడని ఒక్కరూ అడగలేదు. టిఫిను ముగించి రెండో సగం చూసిన హరినాథ్ నాలుక కరుచుకునేసరికే, నరసింగరావు కూరల సంచీతో సహా అంబులెన్సులో వచ్చేశాడు. కోహ్కా నుంచి అక్క గున్నమ్మ ఆటోలో దిగింది.

"ఏటయిపోనాదిరా నీకు?"

"ఏం కాలేదక్కా. పార్టిసిపుల్ వేలాడిపోయింది."

"ఏటి వేలాడిపోనాది?"

"కామా తర్వాత 'నేను' రావడంతో..."

గున్నమ్మ, హరినాథ్ భార్య ఛాయ వైపు తిరిగింది. "తలకే తగిలినట్టుందమ్మా. ఎక్కించండి."

ఆసుపత్రిలో డాక్టరు హిందీలో ఏమైందని అడిగాడు. హరినాథ్ వ్యాకరణం వివరించాడు. వివరించినకొద్దీ పరీక్షలు పెరిగాయి. తలకు స్కానింగ్ అనేసరికి ఆయన ఇంగ్లీషు మొత్తం దిగిపోయింది.

"నాను పడిపోనేదక్కా. పడిపోనాది పిల్లి."

అంతవరకూ ఆయన కాళ్ళు పడుతున్న నరసింగరావు చేతులు తీసేశాడు. "మా పిల్లా? ఇంతసేపూ చెప్పరేటండీ?" అంటూ పరుగెత్తాడు. "నోరులేని జీవం" అంటూ గున్నమ్మ వెనకే వెళ్ళింది. మెట్ల దగ్గరి గేటు తాళంచెవి తన దగ్గరుందని ఛాయ కూడా వెళ్ళింది.

కాసేపటికి ఛాయ ఫోను చేసింది. "పిల్లి బాగానే ఉందండీ. నిద్రపోయిందంతే. మీ దగ్గరెవరున్నారు?"

హరినాథ్ ఖాళీ గదంతా ఒకసారి చూశాడు.

"నేను" అన్నాడు, ముందు ఏమీ తగిలించకుండా.