సగంలో ఆగిన జెండా

ఆ రోజు ఉదయం డోరీన్ పెట్టుకున్న పనులు మూడే. కేకు మీద బాదంపప్పులు అద్దడం, మంచి గౌను ఇస్త్రీ చేసుకోవడం, ఇంటి ముందు జెండా ఎగరెయ్యడం. మొదటి రెండూ ఎనిమిదిన్నరకల్లా అయిపోయాయి.

మూడోది ఆమె జన్మలో చేసిన పని కాదు. ఇంగ్లండులో, గ్రిమ్స్‌బీలో, ఆమె ఎరిగినంతవరకు సొంతానికి జెండా కర్ర పెట్టుకున్నవాడు ఒక్కడే. అతనికి కొంచెం తిక్క అని అందరూ అనుకునేవారు. ఈ డెన్మార్క్ దీవిలో మాత్రం జెండా కర్ర లేని ఇల్లంటే పొయ్యి లేని ఇంటితో సమానం. అద్దె ఇంటితోపాటే గేటు పక్కన పొడుగాటి తెల్ల కర్ర, బీరువాలో మడతపెట్టిన ఎర్ర జెండా వచ్చాయి.

"ఇంట్లో పుట్టినరోజైతే జెండా ఎగరేస్తారమ్మా. వీధిలోవాళ్లు అది చూసి వాళ్లే వస్తారు. పిలుపులూ గిలుపులూ అక్కర్లేదు" అని కూతురు ట్రేసీ చెప్పింది. అంతవరకే చెప్పింది.

ఆ రోజు నార్మన్‌కి డెబ్బై నిండాయి. గడువు కూడా ఆ రోజే. ట్రేసీ ఈ దీవి కుర్రాణ్ణి చేసుకుని, బిడ్డను కన్నాక, మనవరాలి కోసం ముసలివాళ్లిద్దరూ ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చిన రెండో నెలలోనే నార్మన్‌కి విసుగు పుట్టింది. ఇరుగుపొరుగు ఎదురైతే తల ఊపుతారు, సాగిపోతారు. పోనీ భాష రాక అనుకుందామా అంటే అందరికీ ఇంగ్లిష్ వచ్చు. నార్మన్ కంటే శుభ్రంగా వచ్చు. వచ్చీ మాట్లాడరు.

"ముప్ఫై రెండేళ్లు బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేశాను. టిక్కెట్టు లేకుండా దొరికిపోయినవాడు కూడా నాతో వీళ్లకంటే ఎక్కువ మాట్లాడేవాడు" అన్నాడు నార్మన్. "నా డెబ్బయ్యో పుట్టినరోజు పొద్దు గూకేలోపు ఈ వీధివాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మన గడప దాటి లోపలికి వస్తే ఉందాం. లేదా సామాను సర్దు."

అన్నవాడు ఊరుకోలేదు. ఆ ఉదయం ఎనిమిది గంటల పడవ ఎక్కి, సామాను లారీవాడితో మాట్లాడడానికి అవతలి ఊరికి వెళ్లాడు. మూడున్నర పడవకు తిరిగి వస్తాడు. ట్రేసీ వాళ్లు బిడ్డతో వేరే ఊరు వెళ్లారు, మర్నాడు గానీ రారు.

డోరీన్‌కి వీడ్కోళ్లంటే వణుకు. తండ్రి చేపల ఓడ ఎక్కినప్పుడు, అన్న ఆస్ట్రేలియా ఓడ ఎక్కినప్పుడు, ట్రేసీ డెన్మార్క్ ఓడ ఎక్కినప్పుడు, రేవులో చివరిదాకా నిలబడి చెయ్యి ఊపింది ఆమే. కుడి భుజం కీలు అరిగిందని డాక్టరు చెప్పినప్పుడు ఎందుకు అరిగిందని ఆమె అడగలేదు. ఇక ఆ చిన్నదాన్ని, ఇప్పుడిప్పుడే రెండు పళ్లు వచ్చినదాన్ని, రేవులో వదిలి చెయ్యి ఊపడం తనవల్ల కాదు.

అందుకని ఆ అరిగిన భుజంతోనే తాడు లాగింది. జెండా సగందాకా చక్కగా ఎక్కింది. అక్కడ ఆగింది. పైన కప్పీలో తాడు మెలిపడింది. ఇంకా లాగితే పైకి పోలేదు, వదిలితే కిందికి రాలేదు.

సగంలో ఆగిన జెండా అంటే ఏమిటో డోరీన్‌కి తెలియక కాదు. కానీ ఆమె దేశంలో అది రాజులో రాణులో పోతే, పెద్ద పెద్ద భవనాల మీద చేసే మర్యాద. రిటైరైన బస్సు ఇన్‌స్పెక్టరు ఇంటి ముందు దాన్ని చూసి ఎవరు మాత్రం అలా అనుకుంటారు? లేనిదానికంటే సగం నయం అనుకుని కాఫీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.

పది గంటలకు ఎదురింటి బోదిల్ బయటికి వచ్చింది. బోదిల్ వీధి సంఘానికి అధ్యక్షురాలు. కంచెల ఎత్తు మొదలుకొని కుక్కల మొరుగుడు దాకా ఆ వీధిలో అన్నీ ఆమె చూసుకుంటుంది. నడుం మీద చేతులు వేసుకుని జెండా వంక కాసేపు చూసింది. లోపలికి వెళ్లి తన జెండా తెచ్చింది. కర్ర చివరిదాకా ఎక్కించి, మెల్లగా సగానికి దించి, కట్టేసింది. పది నిమిషాల్లో పక్కింటి ఎగోన్ కూడా అదే చేశాడు. పదకొండు కొట్టేసరికి డోరీన్‌ది కాక వీధిలో తొమ్మిది జెండాలు, తొమ్మిదీ సగంలోనే.

కిటికీ తెర వెనకనుంచి చూస్తున్న డోరీన్‌కి కళ్లు చెమర్చాయి. 'ఓహో, ఇక్కడ కొలత ఇదన్నమాట. పైదాకా ఎక్కించి ఉంటే ఈ ఇంగ్లిష్‌ది గొప్పలు పోతోందనుకునేవాళ్లు. దేవుడే ఆ తాడు పట్టుకుని ఆపాడు.'

మొదట వచ్చినవాడు ఎగోన్. చేతిలో మూతపెట్టిన గిన్నె. టోపీ తీశాడు, బూట్లు విప్పాడు, గడప దాటాడు. డోరీన్ గోడ గడియారం చూసుకుంది. పదకొండూ ఇరవై. గడువులోపే తను గెలిచింది.

"జెండా చూశానండీ" అన్నాడు ఎగోన్ నేల చూస్తూ.

"చూశారా! ఎంత సంతోషమో. రండి, కూర్చోండి."

ఎగోన్ కాస్త బిత్తరపోయాడు. కానీ ఇంగ్లిష్‌వాళ్లు ఏదీ పైకి కనపడనివ్వరని అతను విని ఉన్నాడు. "ఆయనకి ఎన్నేళ్లు?"

"సరిగ్గా డెబ్బై. ఇవాళ్టితో."

"డెబ్బై ఏం వయసండీ!"

"అదే నేనూ అంటాను. వింటేనా? ఏడాదినుంచి ఒకటే గోల."

"చివర్లో... ఏమన్నా ఇబ్బంది పడ్డారా?"

ప్రశ్న వింతగా తోచింది డోరీన్‌కి. వెళ్లేముందు తిన్న ఫలహారం సంగతి అడుగుతున్నాడు కాబోలు అనుకుంది. "ఇబ్బందేముంది? రెండు గుడ్లు తిన్నాడు, మూడోది లేదని నన్ను తిట్టాడు."

ఎగోన్ జేబు రుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. అతని భార్య మొన్న చలికాలంలోనే పోయింది. ఆవిడ చివరిరోజు ఏమీ తినలేదు. "అదృష్టవంతుడు" అన్నాడు. డోరీన్ కేకు ముక్క చేతిలో పెట్టింది. ఎండుద్రాక్షలు కుక్కి, బ్రాందీలో నానబెట్టిన నల్లటి కేకు. చావింటికి అంతకంటే తగిన తిండి ఉండదనిపించింది ఎగోన్‌కి.

ఆ తర్వాత జనం ఆగలేదు. ఒకరు చేపల పులుసు, ఒకరు మాంసం ఉండలు, ఒకరు రై ధాన్యపు నల్ల రొట్టె, ఇద్దరు తెల్ల పువ్వులు. అందరూ డోరీన్ చేతిని రెండు చేతులా పట్టుకుని నొక్కేవారే. ఒక్కరూ నవ్వరు. ముదురు నీలం గౌనులో డోరీన్ ఒక్కతే ఇల్లంతా వెలిగిపోతూ, కప్పులు నింపుతూ తిరిగింది. "పాపం, ఇంకా తలకెక్కలేదు" అని ఒకావిడ మరొకావిడ చెవిలో చెప్పింది.

రెండు గంటలకు బోదిల్ నోటుబుక్కుతో వచ్చింది. వెంట దీవి చర్చి పాస్టరమ్మ సిద్సెల్.

"మీరేం దిగులు పడకండి, అన్నీ మేం చూసుకుంటాం. శనివారం పదకొండు గంటలకి చర్చి మాట్లాడాను" అంది బోదిల్.

"చర్చిలో కూడానా!" అంది డోరీన్. డెబ్బై ఏళ్లకు ఈ దేశంలో ఇంత గౌరవమా?

"ఆయనకి ఏ పాటలంటే ఇష్టం?" అడిగింది సిద్సెల్ మెత్తగా.

"ఫుట్‌బాల్ మైదానంలో పాడేవి."

సిద్సెల్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "నెమ్మదిగా వాయిస్తే ఏ పాటైనా బాగానే ఉంటుంది లెండి."

"మొయ్యడానికి మా సంఘంనుంచి ఆరుగురు" అంది బోదిల్ రాసుకుంటూ.

గెలిచిన జట్టు కెప్టెనును భుజాల మీద ఊరేగించడం డోరీన్ చూసింది. అయినా కంగారు పడింది. "ఆరుగురు చాలరేమోనమ్మా, బరువు మనిషి. పైగా ఎత్తంటే భయం. నిచ్చెన మూడో మెట్టుకే కళ్లు తిరుగుతాయి."

బోదిల్ కలం ఆగింది. ఇంతకాలం సంఘం నడిపినా ఇలాంటి కోరిక ఆమెకు రాలేదు. అయినా పోయినవాళ్ల భయాలకు కూడా ఒక గౌరవం ఉంది. 'ఎనిమిది మంది. నడుం ఎత్తు దాటకుండా' అని రాసుకుంది.

నాలుగు అవుతుండగా గేటు ధడాలున తెరుచుకుంది. టోపీ లేదు, కోటు గుండీలు పెట్టుకోలేదు, మొహాన నెత్తురు చుక్క లేదు. నార్మన్! రేవునుంచి కొండ ఎక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. రేవులో తాడు చుట్టేవాడు అతనెవరో తెలియక, "ఇంగ్లిష్‌వాళ్లింట్లో ఎవరో పోయారట" అన్నాడు. ఇంగ్లిష్‌వాళ్లిల్లంటే దీవి మొత్తానికి అదొక్కటే, అందులో ఉండేది ఇద్దరే. వాళ్లలో ఒకడు తను. ఇక లెక్క వెయ్యడానికి ఏముంది?

గదినిండా జనం, తెల్ల పువ్వులు, మౌనం. నార్మన్ ఎదురుగా కనిపించిన ఎగోన్ మెడ చుట్టూ చేతులు వేసి బావురుమన్నాడు. "ఎక్కడుంది? మా డోరీ ఎక్కడుంది? పొద్దున గుడ్డు కోసం తిట్టి వెళ్లానయ్యా! అదే ఆఖరి మాటయ్యా!"

తను ఎవరికోసం టోపీ తీశాడో ఆ మనిషే మెడకు వేలాడుతుంటే ఎగోన్ పెట్టిన కేక రేవుదాకా వినిపించిందంటారు. ఒక కప్పు పగిలింది. సిద్సెల్, వృత్తిరీత్యా ఇలాంటివి నమ్మాల్సిన మనిషి, అందరికంటే ముందు గోడకు అంటుకుపోయింది.

వంటింటి గుమ్మంలో టీ కూజాతో డోరీన్ నిలబడింది. "ఏమయ్యా, బూట్లు విప్పకుండా లోపలికొచ్చావేం?"

నార్మన్ తల తిప్పాడు. ఎగోన్‌ను వదిలాడు. నలభై నాలుగేళ్ల కాపురంలో నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకోని మనిషి, టీ కూజాతో సహా ఆమెను కావలించుకున్నాడు. టీ ఇద్దరి మీదా ఒలికింది. వేడిగానే ఉంది. ఎవరూ వదల్లేదు. అతని గుప్పిట్లోంచి లారీవాడి కాగితం జారి నేల మీది టీలో పడింది. డోరీన్ చూసింది. చూసి, చెప్పుతో మెల్లగా బల్ల కిందికి నెట్టింది.

సంగతి తేలడానికి పావుగంట పట్టింది. కప్పీ గురించి డోరీన్ చెప్పింది. మొదట ఎగోన్ నవ్వాడు. భార్య పోయాక అతను నవ్వగా ఎవరూ చూడలేదు. అతని వెనక ఇల్లంతా నవ్వింది.

"అయితే నిజంగా ఎవరూ పోలేదా?" అంది బోదిల్. ఆ గొంతులో పిసరంత నిరాశ ఉంది. "ఎనిమిది మందిని కుదిర్చాను."

"నడుం ఎత్తులో మోస్తానంటే ఎప్పటికైనా మీకే ఇస్తాను ఆ పని" అన్నాడు నార్మన్ కళ్లు తుడుచుకుంటూ.

బోదిల్ నవ్వలేదు. చేతి గడియారం చూసింది. "చావు సంగతి సరే. పొద్దు గూకేది ఏడున్నరకి. జెండా చీకట్లో ఉండకూడదు. అది మాత్రం నేను ఒప్పుకోను."

బతికున్న మనిషికి సంతాపం చెప్పినందుకు పడని హడావుడి అప్పుడు పడ్డారు. కర్ర మొదట్లో చీలలు తీసి, తొమ్మిది ఇళ్లవాళ్లూ కలిసి దాన్ని నేలమీదికి వాల్చారు. ఎటు తిప్పాలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. నార్మన్ మధ్యలో నిలబడి, బస్సు వెనక్కి తీయించేటప్పటి గొంతుతో "రానీ, రానీ, ఆపు!" అని అరిచాడు. మెలి విడిపోయింది. జెండా చివరిదాకా ఒక్క నిమిషం ఎగిరింది. అందరూ పుట్టినరోజు పాట పాడారు. ఏడూ ఇరవై ఎనిమిదికి బోదిల్ దాన్ని దింపించి, మడతపెట్టించింది.

అందరూ వెళ్లాక బల్ల మీద తొమ్మిది గిన్నెలు మిగిలాయి. నార్మన్ వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఉందామా, పోదామా?" అంది డోరీన్.

"మాటంటే మాటే, ఒకడు వస్తే ఉందామన్నాను" అన్నాడు నార్మన్. వెంటనే ఓడిపోయినట్టు కనిపించడం ఇష్టంలేక, "మరీ శాశ్వతంగా అని కాదు. ఎవరి గిన్నె వాళ్లకి ఇచ్చేదాకా ఉందాం. ఇంగ్లిష్‌వాళ్లు గిన్నెలు ఎత్తుకుపోయారన్న మాట రాకూడదు" అన్నాడు.

గిన్నె ఇవ్వడానికి వెళితే కాఫీ తాగకుండా ఎవరూ పంపరు. అలా ఎనిమిది ఇళ్లు తిరగడానికి క్రిస్మస్ వచ్చింది. తొమ్మిదో గిన్నె, ఎగోన్ ఇచ్చిన నీలం మూతది, డోరీన్ బీరువాలో జెండా వెనక దాచింది. మూడేళ్లయింది, నార్మన్ ఇంకా దాన్ని వెతుకుతూనే ఉన్నాడు, వంటింట్లో.