వచ్చేటప్పుడు తొమ్మిది గంటల లేటు

ఆ ఉదయం నీలకంఠం పెట్టుకున్నది చిన్న పని. భార్య వరహాలు వచ్చే సోమవారం లండన్ వెళుతోంది. ఆమె విమానం టికెట్టు ఒకసారి సరిచూసి, ఫైల్లో పెట్టి, టీ తాగాలి. అక్కడ నర్సుగా ఉన్న చెల్లెలు జానకిని వరహాలు చూసి పదకొండేళ్ళయింది. తాముండే బాగ్‌బేరా కాలనీ దాటి ఆమె ఒంటరిగా చేసే తొలి ప్రయాణం ఇదే.

నీలకంఠం టాటానగర్‌లో ముప్పై ఏడేళ్ళు రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి ఎక్కడ పది నిమిషాలు ఆగినా అది ఎవరివల్లో గార్డు తన జర్నల్లో రాయాలి. ఇంజనని రాశాడు, సిగ్నలని రాశాడు, పట్టాల మీద గేదె అని రాశాడు. గార్డు వల్ల అని మాత్రం ఏనాడూ రాయలేదు. అలా రాసిన గార్డు ఇంకా పుట్టలేదు.

టికెట్టు చూస్తుండగానే టీ చల్లారిపోయింది. ఢిల్లీ నుంచి లండన్ సుమారు ఆరువేల ఏడువందల కిలోమీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరి సాయంత్రం ఐదున్నరకి చేరుతుంది. తిరుగుప్రయాణం రాత్రి ఎనిమిదికి మొదలై మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ముగుస్తుంది.

"ఎల్లడానికి నాలుగున్నర గంటలు, రావడానికి పదమూడున్నర! అదే లైను, అదే దూరం. తొమ్మిది గంటలు గాల్లో ఎక్కడ ఆపేత్తన్నాడు?" అన్నాడు నీలకంఠం.

పక్కింటి రిటైర్డ్ రైలు డ్రైవర్ బలరామ్ వచ్చి, టికెట్టు చూసి, గడ్డం గోక్కున్నాడు.

"భూమి గుండ్రం కదా గార్డు బాబూ. వచ్చీటప్పుడు ఎత్తు ఎక్కాల. ఎనకాల ఇంకో ఇంజను తగిలించాల. అది లేనట్టుంది."

పదిన్నరకల్లా ఇంజను లేని సంగతి కాలనీ అంతా పాకింది. పదకొండుకి అది ఇంజను చెడిన విమానమైంది. పన్నెండుకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వరహాలుకి బొట్టు పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో వాట్సాప్‌లో పెట్టింది చూసి జానకి ఏడుస్తూ ఫోన్ చేసింది. "బావా, అక్కని ఆ విమానం ఎక్కించకండి!"

ఇక నీలకంఠం ఆగలేదు. టికెట్టు తీసిపెట్టిన ఏజెంటు హరికిరణ్‌కి స్పీకర్ పెట్టి ఫోన్ చేసి, క్యాన్సిల్ చెయ్యమన్నాడు.

"టికెట్ ఆంటీ పేరు మీద ఉంది అంకుల్. ఆంటీ హా బోలేతోనే, ఆవిడ సరే అంటేనే క్యాన్సిల్."

వార్త విని గది నిండా చేరిన జనం అప్పుడు వరహాలు వైపు తిరిగారు. పొద్దుట్నుంచి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"సాయంత్రం నాలుగున్నరకి నాను టీ పెడతాను. అప్పుడు జానకికి మిట్టమద్దేన్నం," అంది వరహాలు. "పదకొండేళ్ళుగా ఆ టైముకే మాటాడుకుంటన్నాం. ఎండాకాలం ఆళ్ళ గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు ఎనక. సలికాలం ఇంకో గంట ఎనక. ఆళ్ళ ఐదున్నరంటే ఇప్పుడు మనకి రాత్రి పది. ఎల్లినా తొమ్మిది గంటలే, వచ్చినా తొమ్మిది గంటలే."

బలరామ్ చెప్పులు వెతుక్కున్నాడు. గది మెల్లగా ఖాళీ అయింది.

"మరి పొద్దుట్నుంచి సెప్పలేదేటి?" అన్నాడు నీలకంఠం.

"మీరు అడిగారేటి?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని గుచ్చింది.

"మీ బండి ఎక్కడెక్కడ ఆగిందో నిమిసాలతో సహా రాసీవోరు. నాను అన్నం మూతెట్టుకుని మీకోసం కూకున్న గంటలు, పిల్ల పురిటినాడు మీరు రాని రాత్రి, అయన్నీ ఎవరి పేరున రాసారు?"

నీలకంఠానికి సిగ్గేసింది. ఫోన్లో ఇంకా హలో అంటున్న హరికిరణ్‌తో, "టికెట్టు ఉండనీ బాబూ," అన్నాడు.

వరహాలుని ఢిల్లీలో విమానం ఎక్కించి ఇంటికొచ్చాక, నాలుగున్నరకి తన టీ తనే పెట్టుకున్నాడు. అది తాగేంత బాగా లేదు. బీరువా అడుగు నుంచి పాత జర్నల్ తీసి, ఖాళీ పేజీలో ఆలస్యం ముప్పై ఏడేళ్ళు అని రాశాడు.

కారణం అన్న గడిలో, సర్వీసు మొత్తం మీద మొదటిసారి, గార్డు అని రాశాడు.