హోతం మాస్టారు వద్దన్న నీటి వంతు

ఆదివారం ఉదయం హోతం మాస్టారు పెరట్లో బల్ల మీద గళ్ళ కాగితం పరిచి, స్కేలు పెట్టి తోట గీశారు. ఇస్తరవ్షన్ ఊరి ఎండకు తాళే మొక్కలనే అందులో వేశారు. మధ్యలో లావెండర్, దాని చుట్టూ ఊదారంగు ఐరిస్, ముందు వరసలో కొండ మీద దొరికే ఎర్ర తులిప్ దుంపలు. ప్రతి మొక్క పేరుకెదురుగా మూడు గడులు గీశారు: ఎండ, నేల, గాలి. నీళ్ళకు గడి పెట్టలేదు. అసలు ఉద్దేశమే అది.

నిరుడు వసంతంలో ఆయన భార్య మునవ్వర్ పోయింది. ఆవిడ గోడ పక్కన పెంచిన పుదీనా మడి ఆ వేసవి దాటలేదు. ముప్పై ఏళ్ళుగా బడిలో మొక్కల పాఠాలు చెప్పిన మనిషి, ఆవిడ ఆ మడికి ఏ వేళ ఎన్ని చెంబులు పోసేదో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పటికీ పొద్దున్నే అలవాటుగా రెండు టీ గిన్నెలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తారు. తన చేతిలో ఇంకొకటి ఎండిపోవడం ఆయన చూడలేరు. అందుకే ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా బతికే తోట కావాలి.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వీధి కాలవ నీళ్ళు ఇళ్ళకు పంచే సైదక్బర్ దగ్గరికి వెళ్ళారు.

"సైదక్బర్ ఆకా, గురువారం నాకొచ్చే అరగంట నీటి వంతు ఇక అక్కర్లేదు. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

సైదక్బర్ చేతిలో పార కాలవలో పడింది. ఆ వీధిలో నీటి వంతు కోసం అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, ఒక నిశ్చితార్థం చెడిపోయింది. వద్దన్నవాణ్ణి మాత్రం అతను ఇప్పుడే చూస్తున్నాడు.

"డాక్టరేమన్నాడు మాస్టారూ?"

"ఏ డాక్టరు? నీళ్ళక్కర్లేని మొక్కలు వేస్తున్నానంతే."

"అవునవును," అన్నాడు సైదక్బర్ తల తిప్పుకుని. "మా నాన్న కూడా చివర్లో ఆకలి లేదనే అనేవాడు."

మధ్యాహ్నానికి కబురు చాయ్‌ఖానా చేరింది. సాయంత్రం మాస్టారు మొక్కలు నాటి, వాటి మధ్య పరచడానికి పలకరాళ్ళు తెప్పించుకుంటే, పక్కింటి జుల్హుమోర్ ఖాలా గోడ మీంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"సమాధికి రాళ్ళు కూడా తనే తెప్పించుకున్నాడు తల్లీ! ఎవరికీ శ్రమ ఇవ్వకూడదనే! అంత మర్యాదస్తుడు!"

వెంటనే వేడి రొట్టె పట్టుకుని వచ్చింది. "ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?"

"బాగానే ఉంది ఖాలా."

"మునవ్వరూ అలాగే అనేది," అని కళ్ళు తుడుచుకుంది.  రొట్టె చల్లారేదాకా మాస్టారు దాన్ని చేతిలోనే పట్టుకు నిలబడ్డారు.

మరునాటి నుంచి, మాస్టారు బడికి వెళ్ళగానే ఖాలా గోడ మీంచి రెండు బకెట్లు పోసేది. కాసేపటికి చాయ్‌ఖానా బోబోజాన్ టీ కాచే సమోవార్‌లో మిగిలిన నీళ్ళు చల్లార్చి తెచ్చి పోసేవాడు. మిట్టమధ్యాహ్నం సైదక్బర్ తన సొంత వంతులోంచి కాస్త మళ్ళించేవాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రోజులు దగ్గరపడ్డ మనిషి తోట ఎండకూడదన్న జాలి మాత్రం ముగ్గురిదీ ఒకటే.

పది రోజులకు లావెండర్ పసుపుపచ్చగా వాలిపోయింది. ఐరిస్ దుంప పట్టుకుంటే వేళ్ళ మధ్య మెత్తగా జారింది. నేల తడి చూసి, భూమిలో నీళ్ళ గొట్టం పగిలిందనుకున్నారు మాస్టారు. శుక్రవారం పొద్దున పార తీసుకుని, గొట్టం వెంబడి నడుము లోతున, నిలువు మనిషి పొడవున తవ్వారు. గొట్టం నిక్షేపంగా ఉంది.

గోడ అవతల కేక వినిపించింది. "గొయ్యి కూడా తనే తవ్వుకుంటున్నాడర్రా!"

కాసేపట్లో వీధి వీధంతా వచ్చింది. ముందు సైదక్బర్, వెనక పులావు గుండిగ మోసుకుంటూ బోబోజాన్.

"బయటికి రండి మాస్టారూ! మేం చచ్చామా?" సైదక్బర్ ఆయన్ను చెయ్యిపట్టి పైకి లాగాడు. "ఇది గొయ్యి కాదు. కాలవ! చూడండి, ఇప్పుడే కాలవ చేస్తాను!" అని వీధి కాలవ గట్టు తెగ్గొట్టాడు. నీళ్ళు గొయ్యి నిండి, పెరడంతా పరుచుకున్నాయి. తులిప్ దుంపలు తేలాయి. ఖాలా బాతులు గోడ సందులోంచి వచ్చి వాటి పక్కనే ఈదసాగాయి.

"నేను చావడం లేదు!" అని అరిచారు మాస్టారు. ముప్పై ఏళ్ళలో తరగతిలో కూడా ఆయన అలా అరవలేదు. "నాకే జబ్బూ లేదు! నేను వేసుకున్నది తోట!"

సైదక్బర్ చేతిలో పార కిందికి దించాడు.

"మరి ఈ పులావు?" అన్నాడు బోబోజాన్.

 ఒక్కొక్కరే నీళ్ళు పోసిన సంగతి ఒప్పుకున్నారు. "రెండు బకెట్లే పోశాను," అంది ఖాలా. "నువ్వూ పోశావా?" అన్నాడు సైదక్బర్.  మాస్టారు గోడ మొదట్లోకి చూస్తున్నారు. అక్కడ బురదలోంచి గోరంత పచ్చ ఆకులు నాలుగు లేచాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి తుంచి వాసన చూశారు. పుదీనా. చాలాసేపు ఆ ఆకు ముక్కు దగ్గర్నుంచి తియ్యలేదు.

"పొద్దున్నే, ఎండ గోడెక్కకముందు, నాలుగు చెంబులు," అంది ఖాలా మెల్లగా. "మునవ్వర్ అలాగే పోసేది. నన్నడిగితే చెప్పేదాన్ని కదా నాయనా."

మాస్టారు తలూపారు.  "సైదక్బర్ ఆకా, నా వంతు ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. అది మీదెలా అవుతుంది? మునవ్వర్ పేరున ఉంది. ఆవిడొచ్చి వద్దంటే అప్పుడు చూద్దాం."

తడి నేల మీద బల్లలు వేసుకుని అందరూ పులావు తిన్నారు. వాళ్ళు వెళ్ళాక పెరడు మళ్ళీ మూగబోయింది, బాతులు తప్ప. మాస్టారు జేబులో నానిన కాగితం తీసి ఎండలో ఆరబెట్టి, స్కేలు పెట్టి నాలుగో గడి గీశారు. దాని పైన "ఇరుగుపొరుగు" అని రాశారు. కింద ఎర్ర సిరాతో ఒకే మాట పెట్టారు: తేమ ఎక్కువ.