టోపీలవారి సందులో పంపు

మలాకీ టూయీ ఆ సోమవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీయించుకోవాలి. లిండన్ వీధిలో ఒక బాప్తిస్మానికి వెళ్లి బిడ్డను ముద్దాడి, తండ్రి దగ్గర ఓటు మాట తీసుకోవాలి. ఆపైన జర్మనుల పాటల సంఘం అధ్యక్షుడు గాట్లీబ్ వెంక్‌కు ఒక ఉద్యోగం ఇచ్చి, ఆ సంఘంలోని నలభై ఓట్లనూ సంచిలో వేసుకోవాలి. ఎన్నికలు వచ్చే వారం మంగళవారమే. టోపీలవారి సందునూ చుట్టుపక్కల నాలుగు వీధులనూ గెలిపించి పెడితే కోర్టులో గుమాస్తా కుర్చీ ఇప్పిస్తానని కార్పొరేటర్ హాన్రటీ మాట ఇచ్చాడు. ఐర్లండు నుంచి ఓడ దిగి, పన్నెండేళ్లు న్యూయార్కు రేవులో మూటలు మోసిన మనిషికి కుర్చీ అంటే ఎంత ఆశో చెప్పనక్కర్లేదు.

భార్య ఊనా రెండు బాల్చీల నీళ్లతో ఐదో అంతస్తు ఎక్కి వచ్చి తలుపు దగ్గర చతికిలబడింది. నీళ్లు మూడు వీధుల అవతలి నుంచి తేవాలి.

"ఏమయ్యా, ఊళ్లోవాళ్లందరికీ ఏవేవో ఇప్పిస్తావు. ఈ సందుకో పంపు వేయించలేవూ? నా నడుం విరిగిపోతోంది."

"ఈ ఎన్నికలు కానీయవే" అన్నాడు మలాకీ. నాలుగు ఎన్నికల నుంచీ అదే మాట.

వెంక్‌కు ఇచ్చిన ఉద్యోగం 'టోపీలవారి సందు పంపు ఇన్‌స్పెక్టరు'. సందులో పంపు లేదు. కార్పొరేషన్ పుస్తకాల్లో మాత్రం ఉంది. కార్పొరేటరు అల్లుడు కాంట్రాక్టరు; రెండేళ్ల కిందట దాన్ని కాగితం మీద చక్కగా పాతి బిల్లు తీసుకున్నాడు. ఈ సంగతి మలాకీకి తెలుసు, ఊనాకు తెలియదు. లేని వాటికి ఇన్‌స్పెక్టర్లు వార్డులో మరో ఇరవైమంది ఉన్నారు. అందరూ బుద్ధిగా ఇంట్లో కూర్చుంటారు.

"మీరేం చెయ్యక్కర్లేదండీ వెంక్ గారూ. నెలకోసారి వచ్చి సంతకం పెడితే చాలు" అన్నాడు మలాకీ.

వెంక్ అప్పటికే బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. కళ్లు చెమర్చాయి. "టూయీ గారూ, మా నాన్న మా ఊరి గేటు దగ్గర ముప్పై ఏళ్లు కాపలా కాశాడు. ఒక్క పూట నాగా పెట్టలేదు. నేనూ మీ మాట దక్కిస్తాను."

ఇదేదో మర్యాదకు అన్న మాట అనుకున్నాడు మలాకీ. అక్కడే కొంప మునిగింది.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు వెంక్ దులిపిన కోటు, నూనె డబ్బా, కొత్త నోటుపుస్తకంతో సందులో దిగాడు. ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు వెతికి, ఐదంతస్తులు ఎక్కి తలుపు కొట్టాడు.

"పంపా?" అన్నాడు మలాకీ నిద్రకళ్లతో. "అదీ... మరమ్మతుకు వెళ్లిందండీ."

మరమ్మతుల షెడ్డు ఊరి చివర. వెంక్ నడిచి వెళ్లాడు. అలాంటి పంపేదీ తమకు చేరలేదన్నారు వాళ్లు. మధ్యాహ్నం అతను వెనక్కి వచ్చేసరికి మలాకీ ఓట్ల పనిమీద ఎవరి శవం దగ్గరో పరామర్శలో ఉన్నాడు. ఊనా ఒక్కతే ఇంట్లో ఉంది. వెంక్ ఆమెకు తన నియామకపు కాగితం చూపించి, చాలాసేపు గోడు వెళ్లబోసుకున్నాడు. సాయంత్రానికల్లా పోలీసు స్టేషనులో దొంగతనం ఫిర్యాదు నమోదైంది.

అక్కడి సార్జెంటు, కార్పొరేటరు హాన్రటీ చలవతో ఉద్యోగం తెచ్చుకున్నవాడు. ఆయన వార్డులో దొంగతనమంటే ఊరుకుంటాడా? వెళ్లి పాత ఇనుము వ్యాపారి ఫింటన్ గీగన్‌ను లోపలేశాడు. గీగన్ ఇంట్లో పద్నాలుగు ఓట్లు, పద్నాలుగూ మనవే. మలాకీ పరుగెత్తాడు.

"వదిలెయ్ సార్జెంటూ. అసలక్కడ పంపే లేదు."

"లేదని రాసివ్వు, ఇప్పుడే వదిలేస్తా."

అలా రాసిస్తే కార్పొరేటరు అల్లుడు ఇరుక్కుంటాడు. మలాకీ కలం ముట్టలేదు.

"పైగా కళ్లారా చూసిన సాక్షి ఉంది" అన్నాడు సార్జెంటు కాగితం తిప్పుతూ. "పచ్చరంగు పంపు. ఇత్తడి పిడి. ఒకేసారి ఇద్దరు పట్టుకునేలా రెండు మూతులు. పక్కనే బట్టలుతికే రాతి అరుగు."

"అరుగు కూడా ఎత్తుకుపోయారా?"

"దొంగలు గట్టివాళ్లు."

"ఎవరా సాక్షి?"

"పేరు చెప్పకూడదు."

బుధవారం వెంక్ ఊరంతా కాగితాలు అంటించాడు. పంపు ఆచూకీ మలాకీ ఇంటికి తెచ్చినవారికి తన జీతంలోంచి పది డాలర్లు. గురువారం పొద్దున మలాకీ వీధి తలుపు తీస్తే గుమ్మం ముందు నాలుగు పంపులున్నాయి. మధ్యాహ్నానికి పదకొండయ్యాయి. పది డాలర్ల కోసం జనం వేరే వీధుల్లోవి పెకలించుకొచ్చేశారు. ఒకదాని మూతి లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. వెంక్ ప్రతిదాన్నీ సాక్షి వర్ణనతో పోల్చి చూసి, "ఇది మనది కాదు" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

వెనకాలే ఖాళీ బాల్చీలతో నాలుగు వీధుల ఆడవాళ్లూ వచ్చిపడ్డారు.

"ఏరా మలాకీ, మా పంపు పీకించింది చాలక ఓట్లు కూడా కావాల్రా నీకు?"

"మంగళవారం రా, ఈ బాల్చీలోనే వేస్తాం!"

గుంపును తోసుకుంటూ హాన్రటీ వచ్చాడు. తొమ్మిదో పంపు చూసి ఆగిపోయాడు. అది ఆయన పెరట్లోది.

"ఒరేయ్, పొద్దున్నే మొహం కడుక్కుందామని వెళ్తే గొయ్యి ఉందిరా! గొయ్యి!"

"అన్నా, నా మాట విను..."

"నువ్వే వినరా. సందు మొగలో పేపరువాడు నిలబడ్డాడు. శనివారానికి ఇక్కడ పంపు ఉండాలి, నీళ్లు పడాలి, ఆ సాక్షి చెప్పినట్టే ఉండాలి. లేదా, నువ్వు మళ్లీ రేవులోనే."

అల్లుడికి కబురు వెళ్లింది. కూలీలు దొరక్కపోతే వార్డులోని ఇరవైమంది ఇన్‌స్పెక్టర్లనూ ఇళ్లలోంచి లాక్కొచ్చి పారలు చేతికిచ్చారు. పార ఏ వైపు పట్టుకోవాలో కొందరికి తెలియలేదు. మలాకీ కూడా తవ్వాడు. శనివారం మధ్యాహ్నం పచ్చరంగు పంపు రెండు మూతులా నీళ్లు పోసింది. మలాకీకి నిజంగానే ఏడుపొచ్చింది. గీగన్ విడుదలయ్యాడు, పీకిన పంపులు వాటి వాటి గోతుల్లోకి వెళ్లాయి. దొంగలు మింగిన పంపును ప్రాణాలొడ్డి కక్కించానని హాన్రటీ ఉపన్యసించాడు. మంగళవారం ఎన్నడూ లేనన్ని ఓట్లతో గెలిచాడు.

బుధవారం మలాకీ కొత్త కాలరు పెట్టుకుని కుర్చీ కోసం వెళ్లాడు.

"కుర్చీ వెంక్‌కు ఇచ్చాన్రా" అన్నాడు హాన్రటీ. "వాణ్ణి వీధుల్లో తిరగనిస్తే మనం బతకం. కోర్టులో కూర్చోబెడితే కదలడు."

"మరి నేను?"

"పంపు ఇన్‌స్పెక్టరువి. పేపరువాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు, రోజూ ఏడింటికల్లా ఉండాలి."

మలాకీ మెట్లు దిగుతుంటే వెంక్ ఎదురై రెండు చేతులూ పట్టుకున్నాడు. "అంతా మీ శ్రీమతిగారి చలవ. ఆవిడ పంపును అంత బాగా గుర్తుపెట్టుకోకపోతే ఏమైపోయేవాళ్లం!"

మలాకీ ఐదంతస్తులూ ఒక్క ఊపులో ఎక్కాడు. "నువ్వా? లేని పంపును కళ్లారా చూశావా?"

"వెంక్ గారి కార్పొరేషన్ కాగితంలో రాసి ఉంది కదయ్యా, రెండేళ్ల కిందటే పాతారని" అంది ఊనా. "రెండేళ్లుగా నువ్వూ చూస్తూనే ఉన్నావట, నాకు చెప్పలేదు. సర్కారు మాట అబద్ధమని నేనెలా అంటాను?"

ఊనా రెండు బాల్చీలూ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఎలాగూ రోజూ అక్కడే ఉంటారుగా, ఇన్‌స్పెక్టరు గారూ."

ఆ మధ్యాహ్నం అతను మూడోసారి మెట్లెక్కుతుండగా కోర్టు నుంచి కబురు వచ్చింది: కొత్త గుమాస్తా అలమారలన్నీ తెరిచి, కార్పొరేషన్ పాత బిల్లుల పుస్తకాలు మొదటి పేజీ నుంచి చదువుతున్నాడట.